పెద్దగరిటె వాటా

సీసాల ఫ్యాక్టరీ క్యాంటీన్లో ముప్పై ఆరేళ్ళు వంట చేసిన మనిషికి నలుగురికి వండటం చేతకాదంటే ఎవరూ నమ్మరు. కోడలు మాత్రం కళ్ళారా చూసింది. పూటకు రెండు వందల మందికి వండి వడ్డించిన మామగారిని ఫ్యాక్టరీలో అందరూ పెద్దగరిటె అనేవారు. ఆ చేత్తో ఇంట్లో బఠాణీల కూర వండితే వీధి వీధంతా పంచినా ఇంకా మిగిలేది. కొలతకని కోడలు చెంచా ఇస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది దేనికమ్మా, చెవిలో గులిమి తీసుకోవడానికా?" అనేవాడు.

భార్య పోయాక ఆయన కొడుకు దగ్గరికి వచ్చేశాడు. వచ్చిన ఏడాదికే, అదే ఫ్యాక్టరీలో ఉన్న కొడుక్కి పని వారానికి ఆరు రోజుల నుంచి నాలుగు రోజులకు తగ్గింది. కోడలు హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పొద్దున ఏడింటికి వెళ్తే మళ్ళీ ఇల్లు చూసేది సాయంత్రం ఆరింటికే. ఇంటద్దె తగ్గించమంటే తగ్గదు, తొమ్మిదేళ్ళ కూతురు చిట్టి బడి ఫీజూ తగ్గదు. తగ్గితే గిగ్గితే తిండి ఖర్చే తగ్గాలి.

అప్పుడే ఆడపడుచు వచ్చింది. రైల్లో ఐదు గంటల దూరంలో, నాలుగో అంతస్తులో ఆవిడ కాపురం. వంటమనిషి ఉంది, పనిమనిషి ఉంది. "మీకు ఇబ్బందిగా ఉంటే నాన్నని నేను తీసుకెళ్తాను. కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు" అంది. కోడలు వెంటనే కాదనలేదు. "రెండు నెలలు చూద్దాం వదినా. ఖర్చు అదుపులోకి రాకపోతే అప్పుడు మీరన్నట్టే చేద్దాం" అంది. మాట నోరు దాటాక చూస్తే, మామగారు వంటింట్లో గిన్నె తోముతున్నాడు. కుళాయి చప్పుడులో విని ఉండడులే అనుకుంది. మనకి అనుకూలమైన సంగతి నమ్మడానికి ఎంతసేపు కావాలి?

ఆయన పొయ్యి లేని చోట ఎక్కువ కాలం బతకడని ఆమెకీ తెలుసు. అందుకే ఆ రెండు నెలల్లో ఎలాగైనా గట్టెక్కాలనుకుంది. ఐస్‌క్రీం కొట్టు ఒకటి మూసేస్తుంటే, వాళ్ళ పాత ఫ్రీజర్ని చవగ్గా బేరమాడి తెచ్చింది. శనివారం మార్కెట్ కట్టేసే వేళకి వెళ్ళి, అమ్ముడుపోని కూరగాయలు సంచుల కొద్దీ కొనేది. ఆదివారం మామగారు ఆయన చేతివాటం ప్రకారం పెద్ద గిన్నె నిండా వండొచ్చు. వండింది పెట్టెల్లో సర్ది గడ్డ కట్టిస్తే, ఎవరు ఏ వేళకి ఇల్లు చేరినా ఒక పెట్టె తీసి వేడి చేసుకుంటారు. నలుగురికి ఆరు రోజులు, మొత్తం ఇరవై నాలుగు పెట్టెలు.

మొదటి ఆదివారం పెద్దగరిటె కూరని గిన్నెతో సహా ఫ్రీజర్లో దించేశాడు. క్యాంటీన్లో ఎప్పుడూ అన్నీ గిన్నెతోనే కదా దించేది. మర్నాటికి అది రాయైపోయింది. కొడుకు సుత్తి తెచ్చి కొడితే ముక్క ఎగిరి కిటికీకి తగిలింది. చిట్టి పడీ పడీ నవ్వింది. కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వారమంతా పొద్దునా సాయంత్రం బఠాణీల కూరే తిన్నారు.

రెండో వారానికి ఆయన దారిలో పడ్డాడు. కూరని వెడల్పు పళ్ళాల్లో పోసి చల్లార్చేవాడు. పెట్టె అంచుదాకా నింపకుండా వేలెడు ఖాళీ ఉంచేవాడు. పైన కాగితం టేపు అంటించి, ఏ రోజు తినాలో ఆ తారీఖు వేసేవాడు. పాతవి పైకీ కొత్తవి కిందికీ సర్దేవాడు. పెట్టెలు నింపడం తన పనే అన్నాడు. గరిటె కొలత ఆయనకి తెలిసినట్టు ఎవరికి తెలుసని కోడలు ఆ పని పూర్తిగా వదిలేసింది.

ఫలితం చూసి ఆమే ఆశ్చర్యపోయింది. ఆరు రోజులకని వండింది ఎనిమిది రోజులు వచ్చింది. తర్వాతి వంటా అంతే. మార్కెట్‌కి వెళ్ళే దినాలు దూరమయ్యాయి, చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. లాండ్రీలో తోటివాళ్ళ దగ్గర, "మా ఇంట్లో ఉన్నది ఫ్రీజర్ కాదు, అక్షయపాత్ర" అని గొప్పలు పోయింది. పిండి కొద్దీ రొట్టె అన్న ముక్క ఆమెకు తెలియనిది కాదు. అయినా కలిసొస్తున్నప్పుడు కూర్చుని లెక్క చూసేదెవరు?

ఒకరోజు లాండ్రీలో బాయిలర్ చెడిపోయి మధ్యాహ్నమే పంపేశారు. ఇంటికి వచ్చేసరికి వంటింట్లో మామగారు ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. చిట్టి ఆ పూట బడి నుంచి వచ్చి తిని వెళ్ళిన ఖాళీ పెట్టెలో వేణ్ణీళ్ళు పోసి, అంచుల్ని గరిటెతో గీకి, ఆ నీళ్ళలో ఎండు రొట్టె ముంచుకుని తింటున్నాడు. చొక్కా వెనకనుంచి భుజాల ఎముకలు తేలి కనిపించాయి. ఇవి ఇలా ఎప్పటినుంచి ఉన్నాయో ఆమెకు తెలియలేదు. ఒకే ఇంట్లో ఉంటూ తెలియలేదు.

"మామయ్యా, భోజనం చేశారా?"

ఆయన ఉలిక్కిపడలేదు. నెమ్మదిగా పెట్టె పక్కన పెట్టాడు. "చేశానమ్మా. ఇదిగో, ఇప్పుడే."

"ఏం తిన్నారు?"

"అడుగున మిగిలింది."

"పెట్టెల్లో పెట్టి గడ్డ కట్టించేదానికి అడుగెక్కడుంటుంది మామయ్యా?"

ఆమె ఫ్రీజర్ మూత ఎత్తింది. రోజుకో తారీఖు, తారీఖుకి మూడే పెట్టెలు. ఇరవై నాలుగు పెట్టెలు ముగ్గురికి ఎనిమిది రోజులు. చిట్టి వేళ్ళు మడిచి చెప్పగల లెక్క. అక్షయపాత్ర గుట్టు అదీ. చల్లటి పొగ మొహానికి కొడుతున్నా ఆమె మూత దించలేకపోయింది.

"మీ పెట్టె ఏదీ?"

"వంటవాడికి పెట్టెలేమిటమ్మా" అన్నాడు, చిన్నపిల్లకి సర్దిచెప్పినట్టు. "చివరివాడి పళ్ళెం నిండాకే మా తిండి. ముప్పై ఆరేళ్ళూ నేను పళ్ళెం పట్టుకుని కూర్చున్నది లేదు. ఎప్పుడూ అడుగున ఏదో ఒకటి ఉండేది. ఆదివారం ఇక్కడా ఉంటుంది."

"ఆదివారం ఉంటుంది. మిగతా రోజులు?"

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు. "రెండు నెలలన్నావు కదా. ఇంకో పన్నెండు రోజులేగా."

విన్నాడు. ఆ రోజే విన్నాడు. విని, నోరెత్తకుండా, కోడలి లెక్క తప్పకుండా తన నోరు కట్టేసుకున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. జన్మలో అడిగి ఎరగని మనిషి సంగతేమిటని ఆ సామెత చెప్పినవాళ్ళు ఆలోచించలేదేమో. ఆమెకి ఆయన మీద కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ తన మీద వచ్చింది. లాండ్రీలో కొట్టిన గొప్పలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. వాటిలో ప్రతి మాటా ఈ ముసలాయన కడుపు మాడ్చిందే.

ఒక పెట్టె తీసి వేడిచేసింది. పళ్ళెంలో వేసి బల్ల మీద పెట్టి, కుర్చీ లాగింది. ఆయన నిలబడే, "చిట్టికి రేపు తక్కువవుతుందేమో" అన్నాడు.

"తక్కువైతే వండుకుంటాం. కూర్చోండి."

కూర్చోవడం చేతకానివాడిలా అంచున కూర్చున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాక, "ఉప్పు కాస్త తగ్గింది" అన్నాడు. ఆమె ఉప్పు డబ్బా ముందుకు జరిపింది.

తర్వాతి వంట నుంచి పెట్టెలు నింపే పనిలో ఆమె కూడా పక్కన నిలబడింది. వండింది మళ్ళీ ఆరు రోజులకే అయిపోయింది. మాంసం వారానికి రెండుసార్ల నుంచి ఒక్కసారికి తగ్గించినా సరిపోలేదు. ఏమైందని మొగుడు అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను గోదాములో మూటలు దించే పని ఏదో ఉందట, పని లేని రెండు రోజులూ వెళ్తానన్నాడు.

గడువు నాటికి ఆడపడుచు ఫోన్ చేసింది. మామగారు పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కోడలు ఈసారి గొంతు తగ్గించలేదు.

"ఖర్చు తగ్గిందా మరి?" అంది ఆడపడుచు.

"లేదు వదినా. పెరిగింది."

"అదేమిటి, మొన్నటిదాకా బాగా తగ్గిందన్నావుగా?"

"అప్పుడు తగ్గింది మీ నాన్నగారి తిండి వదినా, మా ఖర్చు కాదు. ఆయన్ని ఎక్కడికీ పంపను."

కత్తి చప్పుడు ఆగింది. ఆయన తలెత్తకుండా, "ఇంకో రెండు ఉల్లిపాయలు అందుకో అమ్మా" అన్నాడు. "నలుగురికి ఇవి చాలవు."