చార్టులో లేని మాట

మా నాయినకు సంగీతంలో ఒక్క స్వరం పేరు కూడా తెలియదు. వారమంతా దూలపల్లిలో రేకు డబ్బాలు చేసే కంపెనీలో పని. ఆదివారం మేడ్చల్ బస్ డిపో వెనకున్న మా చిన్న చర్చిలో ఢోలక్. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఢోలక్ ఆయన ఒళ్లోనే ఉంది.

పేర్లు తెలియకపోతే ఏం, తనే పెట్టుకున్నాడు. పాట నెమ్మదిగా సాగాలంటే "ఎడ్ల నడక" అనేవాడు. వేగం పెంచాలంటే "బస్సు అందుకోవాలె". గొంతు తగ్గించమనడానికి "మెట్టు దిగుర్రి". అన్నిటికంటే ఎక్కువగా ఆయన నోట వచ్చే మాట "ఊపిరియ్యాలె". పాడేవాళ్లు చరణం చివర గాలి పీల్చుకునేదాకా దెబ్బ వేయకుండా ఆగడం అన్నమాట. మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఆయాసం మనిషి. అయినా ప్రతి గుడ్ ఫ్రైడేకి సిలువ పాట ఆమెదే. నాయిన ఆమె భుజాల వంకే చూస్తూ వాయించేవాడు. ఎగసిన భుజాలు దిగాకే దెబ్బ పడేది.

నేను కొంపల్లిలో రెండేళ్లు కీబోర్డు నేర్చుకున్నాను. స్కేల్ అంటే శ్రుతి, టెంపో అంటే వేగం, బీట్ అంటే దెబ్బ అంటూ బోలెడన్ని మాటలు కూడా నేర్చుకొచ్చాను. పాస్టర్ గారు చర్చిలో పాటలు పాడే క్వయర్‌ని నాకు అప్పగించారు. ఇంకేముంది, నా కాళ్లు భూమ్మీద ఆగలేదు. ఆ పదాలన్నీ అర్థాలతో సహా స్కెచ్ పెన్నుతో చార్టు మీద రాసి, చర్చి గోడకు అంటించాను.

ఒక శనివారం సాయంత్రం ప్రాక్టీసులో అవ్వ పాడుతోంది. చరణం చివర నాయిన ఎప్పటిలాగే ఆగాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నాయినా, టెంపో పడిపోతాంది. ఎందుకు ఆపుతున్నవ్?"

"ఊపిరియ్యాలె గద బిడ్డా."

"ఊపిరనేది మ్యూజిక్‌ల మాటనే కాదు. గా చార్టుల ఉన్నదా, సూడు!"

క్వయర్ పిల్లలు కిసుక్కున నవ్వారు. నాయిన నిజంగానే లేచి చార్టు దగ్గరికి వెళ్లాడు. వేలు పెట్టి పైనుంచి కిందిదాకా చదివాడు. "లేదు బిడ్డా" అని, ఢోలక్‌కి గుడ్డ చుట్టి మూలన పెట్టి, బయటికి వెళ్లిపోయాడు. వెనక్కి పిలవడానికి నాకు నోరు రాలేదు. రాకపోవడమేంటి, నేనే రానివ్వలేదు. పొగరు!

గుడ్ ఫ్రైడే నాడు ఢోలక్ బదులు కీబోర్డులో దానంతటదే మోగే రిథమ్ పెట్టాను. అవ్వ లేచి నిలబడింది. మొదటి చరణం ఎలాగో గట్టెక్కింది. రెండో చరణంలో ఆమె గాలి పీల్చుకునేలోపే రిథమ్ ముందుకు పోయింది. అందుకోబోయింది, దగ్గు తెర కమ్మింది. కంగారులో ఏ బటన్ నొక్కానో ఏమో, వేగం ఇంకా పెరిగింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. వెనక బెంచీ వైపు చూశాను. నాయిన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక ఏడుపు ఆగలేదు. "నువ్వన్నా లేసి కొట్టకపోతివి నాయినా?" అన్నాను.

"నాకు గా టెంపోలు రావు గద బిడ్డా. మళ్ల నీకు పరేషాన్ ఎందుకని."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మరునాడు చార్టు చింపేద్దామని చర్చికి వెళ్తే అది గోడ మీద లేదు. నాయిన దాన్ని ఇంటికి తెచ్చి బీరువా తలుపుకు అంటించుకున్నాడు. ఆ రోజు నుంచి డ్యూటీ దిగి రాగానే ఫోన్‌లో టిక్కుటిక్కుమనే శబ్దం పెట్టుకుని, దానికి సరిగ్గా తొడ మీద దెబ్బలు వేయడం. "వద్దు నాయినా, నీ లెక్కనే కొట్టు. తప్పు నాదే" అని ఎంత బతిమాలినా, తనను ఊరుకోబెట్టడానికే అంటున్నానని ఆయన నమ్మకం. "ఆగు బిడ్డా, నేర్సుకోనియ్యి" అనేవాడు.

నెల దాటాక ఒక ఆదివారం తనే వెళ్లి మూలనున్న ఢోలక్ గుడ్డ విప్పాడు. నా ప్రాణం లేచొచ్చింది. అవ్వను కూడా ఒప్పించి నిలబెట్టాం. పాట మొదలైంది. చరణం చివర అవ్వ భుజాలు ఎగిశాయి. దెబ్బ ఆగలేదు. గీత గీసినట్టు, ఒక్కటీ అటూ ఇటూ కాకుండా పడుతూనే ఉంది. నాయిన ఆమె వంక చూడటం లేదు, నా మొహం వంక చూస్తున్నాడు. అవ్వ సగం సగం మాటలు మింగేస్తూ ఎలాగో చివరిదాకా వచ్చి, బెంచీ పట్టుకుని కూలబడింది.

నాయిన కండువాతో చెమట తుడుచుకుని, ఎవరికీ వినపడకుండా నా వైపు వంగాడు.

"టెంపో పడిపోలేదు గద బిడ్డా?"

"లేదు నాయినా" అన్నాను. అవ్వ ఇంకా రొప్పుతూనే ఉంది.