అసలు పుట్టినరోజు

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి అన్నీ తెలుసని జనం నమ్మేవారు. వాళ్లతోపాటు నేనూ నమ్మేవాణ్ణి, చిక్కంతా అక్కడే వచ్చింది. యూసుఫ్‌గూడలో ఇంకో ముగ్గురితో కలిసి గదిలో ఉంటూ, రోజూ ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కి ఉద్యోగానికి వెళ్లేవాణ్ణి. ఉద్యోగమంటే, సినిమాలకు అమ్మలనీ అత్తలనీ బాబాయిలనీ సరఫరా చేసే ఒకాయన ఆఫీసులో. ఆయన్ని అందరూ అన్న అనేవారు. ఫోటోల ఆల్బం చంకలో పెట్టుకుని జూబ్లీహిల్స్‌లో గేటు గేటుకీ తిరిగి విసిగిపోయి, ఆర్టిస్టులందరినీ వెబ్‌సైటులో పెట్టేద్దామని అన్న అనుకోవడం, సరిగ్గా అప్పుడే నేను కంటపడటం జరిగాయి. నా వయసు ఇరవై మూడనీ, బెంగుళూరు కంపెనీలో రెండేళ్లు చేశాననీ చెప్పుకున్నాను. (బెంగుళూరు నేను రైల్లోంచి కూడా చూడలేదు.)

సైటు తయారైంది. అయితే ఒకరి ఫోటో కింద ఇంకొకరు తమ ఫోన్ నంబరు పెట్టేసుకోవడం మొదలైంది. "తమ్మీ, ఎవల పేజీకి వాళ్లకు తాళం పెట్టు. చెవి పోగొట్టుకుంటే మళ్ల ఇచ్చేటట్టు గూడ చూడు" అన్నాడు అన్న. నేను ఏదో విదేశీ సైటులోంచి లాగిన్ పెట్టె ఒకటి దించి, మన సైటుకు అతికించాను. దాని కింద 'పాస్‌వర్డ్ మర్చిపోయారా?' అనే నీలం గీత. అది నొక్కితే ఒక ప్రశ్న అడుగుతుంది, జవాబు సరిపోతే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోనిస్తుంది. మూడుసార్లు తప్పితే మర్నాటిదాకా తలుపు మూసుకుంటుంది. ఏ ప్రశ్న పెట్టాలా అని చాలాసేపు ఆలోచించి, మనిషన్నవాడు ఎన్నటికీ మర్చిపోనిది అని తేల్చి, మీ పుట్టినతేదీ ఏది అని పెట్టాను. సినిమావాళ్లను పుట్టినతేదీ అడిగిన మొట్టమొదటి ఇంజనీరుని నేనే అయ్యుంటాను.

వారం తిరక్కుండా అత్తయ్య వచ్చింది. తెరమీద గయ్యాళి అత్త వేషాలు వేసీ వేసీ ఆ పేరే స్థిరపడిపోయిన మనిషి. చేతిసంచీలోంచి ఒక ఫోటో తీసింది. నెరిసిన జుట్టు, నుదుటిమీద పెద్ద బొట్టు, ముక్కుమీద కళ్లజోడు. "బాబూ, నాలుగింటికి డైరెక్టరుగారు మన సైటు చూసి బామ్మ వేషానికి మనిషిని ఎంచుతారట. నా పేజీలో చూస్తే లంగావోణీ ఫోటో ఉంది. ఏడాదిగా ఒక్క వేషం లేదు నాయనా. ఇది పెట్టకపోతే నా మొహం చూసి పేజీ తిప్పేస్తారు" అంది. జీవితంలో మొదటిసారి ముసలిగా కనబడాలనుకుంటే, పాస్‌వర్డ్ గుర్తులేదు. గోడగడియారంలో మూడు దాటింది.

నీలం గీత నొక్కాం. ఆవిడ ఒక తేదీ చెప్పింది. తప్పు. ఇంకొకటి చెప్పింది. అదీ తప్పే. "ఈ తేదీ రాయించిన రోజు నా పక్కన ఎవరున్నారో కాస్త గుర్తు చెయ్యి బాబూ. మనిషిని బట్టి చెబుతాను కదా" అంది, ఏ మాత్రం మొహమాటం లేకుండా. చివరికి అన్నని వరండాలోకి పంపించి, తలుపు వేయించి, నా చెవిదగ్గర అసలు తేదీ చెప్పింది. కట్టుకున్నాయనకైనా చెప్పిందో లేదో. భక్తిగా టైపు చేశాను. తప్పు అంది పెట్టె. తలుపు మూసుకుంది. నా చెవికి అందిన నిజం నా యంత్రానికి పనికిరాలేదు.

అన్న లోపలికి వచ్చాడు. "నువ్వు పెట్టిన తాళమే గద తమ్మీ, నువ్వే తియ్యాలె. జల్దీ!" అన్నాడు. సైటు మొత్తానికీ నా పేరుమీద ఒక పెద్ద తాళం ఉంది. దాని పాస్‌వర్డ్ ఎవరూ కనిపెట్టకూడదని ఎంత తెలివిగా పెట్టానంటే, నేనూ కనిపెట్టలేకపోయాను. నీలం గీత నొక్కాను. నా పుట్టినతేదీ అడిగింది. ఎవరు చూస్తారులే అని అక్కడొక్కచోటే నేను నిజం రాసుకున్నాను. ఇప్పుడు అన్న నా భుజంమీదినుంచి చూస్తున్నాడు. పెట్టె అతికించేటప్పుడు జవాబు చుక్కల్లో దాచాలన్న ఆలోచన నాకు రాలేదు, అక్షరాలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఉద్యోగం పోతే గది అద్దెకీ గతిలేదు. పక్కన చూస్తే అత్తయ్య, ఫోటో రెండు చేతులతో పట్టుకుని, పరీక్ష ఫలితాలకు వచ్చిన పిల్లలా నిలబడి ఉంది. నాకు సిగ్గేసింది. టైపు చేసేశాను.

తలుపు తెరుచుకుంది. నాలుగింటికి అయిదు నిమిషాలు ఉందనగా బామ్మ ఫోటో పేజీలోకి ఎక్కింది. అన్న మాత్రం వేళ్లు ముడుస్తూ లెక్క చూసుకుంటున్నాడు. "ఏంది తమ్మీ, గిప్పుడు నీకు ఇరవై ఏండ్లేనా? అయితే పద్దెనిమిదేండ్లకే బెంగుళూరుల నౌకరి చేసినవా?" నేను కీబోర్డులో దుమ్ము ఏరుతున్నాను.

"పోనివ్వండి అన్నగారూ" అంది అత్తయ్య. "నేను తగ్గించుకున్నాను, పిల్లాడు పెంచుకున్నాడు. ఇద్దరినీ కలిపితే లెక్క సరిపోతుంది." అన్న నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు. "సరే తియ్. రేపటికెల్లి గా ప్రశ్న మార్చు. కెమెరా ముంగట మొదలు ఏం డైలాగ్ చెప్పిన్రో అడుగు. గా మాట ఎవ్వలు మర్వరు."

నిజంగానే ఎవ్వరూ మర్చిపోలేదు. అత్తయ్యకు బామ్మ వేషం వచ్చింది. ఆవిడ రాసిన జవాబు "అమ్మగారూ, కాఫీ" అని. ఆ రెండు ముక్కలూ చెప్పేటప్పుడు ఆవిడ గొంతు పదహారేళ్ల పిల్ల గొంతైపోయేది.

మొన్న ఒక ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఏదో ఫారం నింపుతూ నా పుట్టినతేదీ అడిగింది. ఏమాత్రం తడుముకోకుండా నాలుగేళ్లు తగ్గించి చెప్పేశాను. బయటికి వచ్చాక అత్తయ్య గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకుని, జేబులోంచి చీటీ తీసి చెప్పిన తేదీ జాగ్రత్తగా రాసుకున్నాను.