నేను చదవని పదహారు పేజీలు

నవలలకు పోటీ పెడుతున్నామని వినగానే నాకు నవ్వొచ్చింది. కోళ్ళకు పెడతారు, పహిల్వాన్లకు పెడతారు. అట్ట వేసుకుని అరలో బుద్ధిగా కూర్చున్న పుస్తకాలు ఒకదాన్నొకటి ఎట్లా పడగొడతాయో నాకు అర్థం కాలేదు. జడ్జీలు కావాలి, ఎవరొస్తారు అంటే మాత్రం అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. నా సంగతి అంతే. ముందు చెయ్యెత్తుతాను, తర్వాత తల గోక్కుంటాను.

సైదాబాద్‌లో పిండిగిర్ని పైన మాకొక గది ఉంది. నాలుగు బీరువాల పుస్తకాలు, రెండు చాపలు, కింద గిర్ని నడిచినంతసేపూ వణికే ఒక బల్ల. ఆదివారం పూట పది పదిహేను మందిమి అక్కడ చేరతాం. తెలుగు చెప్పి రిటైరైన సారు దగ్గర తాళంచెవి ఉంటుంది, కాబట్టి పెద్దరికం కూడా ఆయనదే. పోటీ ఆలోచనా ఆయనదే. పదహారు నవలలను రెండేసి చొప్పున ఎనిమిది జతలు చేస్తారట. ఒక్కో జతను ఒక్కో జడ్జి చదివి, ఒకదాన్ని పై రౌండుకు పంపాలి. ఎందుకు పంపారో ఒక పేజీ రాసుకొచ్చి అందరి ముందూ చదవాలి. ఆఖరున గెలిచిన పుస్తకానికి కప్పు లేదు, శాలువా లేదు. ఊడిపోతున్న అట్ట తీసేసి కొత్త బైండింగు చేయిస్తారు. అంతే.

"మరి ఓడినదానికి ఏమైతది సార్?" అని అడిగాను.

"ఏమైతదమ్మా? మళ్ల అల్మారిలకు పోతది. మనకు గెలిచినా ఓడినా ఆడనే గద," అన్నారు.

చీటీలు తీశాం. నా జతలో ఒకటి నీలం అట్ట నవల. ఆస్పత్రిలో లిఫ్టు నడిపే మనిషి కథ, ఈమధ్యే వచ్చింది. రెండోది చూసి కూర్చున్న చోటే గంతేశాను. గోధుమరంగు అట్ట. ఇంట్లో గొడవపడి వెళ్ళిపోయిన అన్న కోసం చెల్లెలు ఎదురుచూసే కథ. పదో తరగతిలో ఉండగా చదివాను. నన్ను పుస్తకాల పిచ్చిదాన్ని చేసింది అదే. ఇంకేం, తీర్పు అయిపోయినట్టే అనుకున్నాను.

నా పక్కన కూర్చున్నది నా చిన్ననాటి దోస్తు. బడిలో ఇద్దరిదీ ఒకటే బెంచీ. ఇప్పుడు చాంద్రాయణగుట్టలో చీరలకు ఫాల్, పీకో కుట్టే దుకాణం నడుపుతోంది. మిషను ఆగితే పుస్తకం, పుస్తకం మూస్తే మిషను. తను కూడా ఒక జడ్జి. నా చీటీ చూసి తన ముఖం మారింది.

"ఏయ్, గా పుస్తకం నాకియ్యి. నాయి నువ్వు తీస్కో," అంది.

"జడ్జీలు కేసులు మార్చుకుంటరా ఏందే?" అని కసురుకున్నాను. నా అభిమాన నవల తనక్కూడా చదవాలని ఉందేమో అనుకుని, లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

ఆఫీసుకు పోయేటప్పుడు ఉప్పుగూడలో రైలెక్కితే నాకు చదువుకునే వేళ దొరుకుతుంది. ముందు నీలం నవల ముగించాను. రచయితకు మనమీద నమ్మకం లేదు, ప్రతి విషయం మూడుసార్లు చెబుతాడు. కానీ లిఫ్టులో ఎక్కినవాళ్ళ టిఫిన్ డబ్బాల వాసనను బట్టి ఎవరి రోగి కోలుకుంటున్నాడో ఆ మనిషి కనిపెట్టే చోట పక్కనామె చూసేంత గట్టిగా నవ్వాను. మంచి పుస్తకమే. పాపం, నా దానికి ఎదురు పడింది.

తర్వాత నా పుస్తకం తెరిచాను, పదో తరగతి తర్వాత ఇదే మొదటిసారి. దాని ముగింపు నాకు కంఠతా వచ్చు. ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, సారుకే నాలుగుసార్లు చెప్పి ఉంటాను, ఇక చదవాల్సిన పని లేదని ఆయన దాన్ని ముట్టనే లేదు. చెల్లెలు నల్లా దగ్గర గిన్నెలు తోముతుంటుంది. వెనక అడుగుల చప్పుడు. అన్నే అని తెలుసు, కానీ తిరిగి చూడదు. ఎక్కడికి పోయావు, ఎందుకు పోయావు అని ఒక్క మాట అడగదు. "చేతులు కడుక్కో, అన్నం పెడతా" అంటుంది. అక్కడితో నవల అయిపోతుంది.

ఇప్పుడు చదివితే అట్లా అయిపోలేదు. అసలు అన్న రానేలేదు. పరాయి ఊళ్ళో జ్వరంతో చనిపోయాడు. ఎవరో ఆయన ట్రంకుపెట్టె తెచ్చి ఇచ్చారు. చెల్లెలు పెట్టె తెరిచి, అన్న చొక్కాలు ఒక్కొక్కటే ఉతికి, మడతపెట్టి, మళ్ళీ అదే పెట్టెలో సర్దింది. వెనక్కి తిప్పి వెతికాను. నల్లా లేదు. ఆ ఊళ్ళో ఉన్నది బావి. దిగాల్సిన స్టేషను దాటిపోయిందని కూడా నాకు తెలియలేదు.

ప్లాట్‌ఫారం మీద నుంచే సారుకు ఫోను చేశాను. "సార్, గీ నవల మళ్ల మార్చి అచ్చేసిండ్రా?"

"ఒక్కసారి అచ్చేసుడే గగనమైందమ్మా, మళ్ల మార్చుడు గూడనా? నువ్వు ఇంకోదానితోని కలిపి యాదికుంచుకున్నవేమో."

ఇంకోదానితోనా? నా పేరు మరిచిపోయానన్నా నమ్ముతాను కానీ అది నమ్మను. సాయంత్రం దాకా ఆఫీసులో ఫైళ్ళు అటువి ఇటు పెట్టాను. నాకు మతి పోతోందా అని భయం వేసింది. ఆదివారం పదకొండింటికి అందరి ముందు తీర్పు చదవాలి. ఏ పుస్తకానికని చదవాలి? ముప్పై ఏడేళ్ళుగా నేను ప్రేమించిన పుస్తకం ఈ లోకంలో లేదు.

ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే గుర్తొచ్చింది. ఆ రోజుల్లో మా గల్లీ చివర పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణం ఉండేది. నా దోస్తూ నేనూ కలిసి ఒక పుస్తకం తెచ్చుకునేవాళ్ళం. ముందు తను చదివేది, మర్నాడు నేను. ఈ పుస్తకం నా చేతికి వచ్చేసరికి చివరి పదహారు పేజీలు లేవు. "ముందునుంచే లేకుండె, మా ఖాలా ఇంకో కాపీల చదివిందట, ఆఖరుకు ఏమైందో చెప్పింది," అని బడి నల్లా దగ్గర నిలబడి తనే నాకు చెప్పింది. ఖాలా అంటే వాళ్ళ పిన్ని. పేజీలు చింపింది నువ్వేనని దుకాణమాయన తనకు ఆ ఏడాదంతా పుస్తకాలివ్వలేదు. నా పేరు మీద నేను తెస్తే, నా తర్వాత చదివేది. చింపుకుని పకోడీలు కట్టుకున్నావా అని నేను నెలల తరబడి ఏడిపించాను.

ఇంకో విషయం కూడా చెప్పాలి. ఆ ఏడే మా అన్న బాపుతో కొట్లాడి ఇల్లు విడిచిపోయాడు. ఎనిమిది నెలల తర్వాత వచ్చాడు. వచ్చిన రోజు ఎవరు ఏమన్నారో నాకు గుర్తులేదు. ఏడ్చే ఉంటాను. మా ఇంట్లో ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి చాంద్రాయణగుట్ట ఫ్లైఓవరు కింద దిగి నేరుగా నా దోస్తు దుకాణానికి పోయాను.

"ఆ పేజీలు చింపిందెవరే?" అన్నాను, చెప్పులు కూడా విడవకుండా.

తను మిషను ఆపలేదు. "నేనే."

"ఎందుకు?"

"మీ అన్న పోయి రెండు నెలలైతుండె. నువ్వు బడిల అన్నం డబ్బా మూత గూడ తీయకపోతుంటివి. గా పుస్తకంల ఏమో అన్న సచ్చిపోతడు. నీకెట్లియ్యాలె చెప్పు? ఇయ్యకుంటే లొల్లి చేస్తవ్. గందుకే చింపిన."

"మరి మీ ఖాలా చదివింది అన్నవ్?"

"మా ఖాలాకు తెలుగు చదువరాదు."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటికంటే ముందు కోపం వచ్చింది. నా పుస్తకాన్ని నాకు తెలియకుండా పొయ్యిలో పెట్టింది. నిజంగానే పొయ్యిలో పెట్టిందట, వాళ్ళమ్మ చాయ్ కాస్తుంటే. పుస్తకం లేనిదే అన్నం సహించని పిల్ల, నా కోసం ఏడాది పాటు దొంగ పేరు మోసింది. తిట్టాలో చేతులు పట్టుకోవాలో తెలియక అక్కడున్న చీర ఒకటి తీసి మడతపెట్టడం మొదలుపెట్టాను. అది ఇంకా కుట్టనిది. తను నా చేతిలోంచి లాక్కుంది.

"సరేగాని, ఆఖరు మాట మాత్రం మస్తు చెప్పినవే," అన్నాను. "చేతులు కడుక్కో, అన్నం పెడ్త. గా వయసుల గట్లెట్ల తోచింది నీకు?"

అప్పుడు ఆగింది మిషను. "గదేం మాట? నేను చెప్పలే."

"మరేం చెప్పినవ్?"

"అన్న వస్తడు, అందరు ఖుష్ అయితరు అని చెప్పిన. గంతల బెల్లు కొట్టిండ్రు, క్లాసుకు ఉరికినం. నల్లా, గిన్నెలు, అన్నం... అంత దిమాక్ నాకేడిది? ఖసం, ఒట్టు, నేను చెప్పలే."

తేల్చుకుందామని వెళ్ళినదాన్ని అక్కడికి పోకముందున్నంత కూడా తెలివి లేకుండా తిరిగొచ్చాను. పుస్తకంలో లేదు. తను చెప్పలేదు. మరి నాకెవరు చెప్పారు?

తీర్పు కాగితం మూడుసార్లు రాసి చింపాను. చింపే వంతు ఇప్పుడు నాదయింది. నీలం నవలను గెలిపిద్దామనుకున్నాను. అన్నను చంపిన పుస్తకం మీద కసి అది, న్యాయం కాదు. శనివారం మధ్యాహ్నం ఆ పదహారు పేజీలు మళ్ళీ చదివాను. చొక్కాలు మడతపెడుతూ ఆ పిల్ల ఒక చొక్కాకు ఊడిపోయిన గుండీ చూస్తుంది. సూదీ దారం తెచ్చి కూర్చుని కుడుతుంది. ఇక ఎవరు తొడుక్కుంటారని? అక్కడ నా వల్ల కాలేదు. నాకు నచ్చలేదు, కానీ పుస్తకం మొత్తంలో అంత గొప్పచోటు ఇంకొకటి లేదు.

ఆదివారం కింద గిర్ని నడుస్తూనే ఉంది, దాని చప్పుడును మించి గొంతు పెంచాల్సి వచ్చింది. ఇన్నాళ్ళూ నేను చెబుతూ వచ్చిన ముగింపు ఈ పుస్తకంలో లేదని ముందే ఒప్పుకున్నాను. చివరి పదహారు పేజీల కోసమే దీన్ని పై రౌండుకు పంపుతున్నానని చదివాను. పేజీలు ఎందుకు పోయాయో మాత్రం చెప్పలేదు.

"మరి ఆ నల్లా?" అన్నారు సారు, పూర్తిగా తికమకపడి.

"నాకు గూడ తెల్వది సార్," అన్నాను.

మెట్లు దిగుతుంటే నా దోస్తు మోచేత్తో పొడిచింది. "అంటే నేను చెప్పింది ఓడిపోయినట్టేనా?"

"నీది పోటీల లేదే," అన్నాను. తను ముక్కు తుడుచుకుని, ఆటో కోసం చెయ్యెత్తింది.

ఇంటికి వచ్చేసరికి అన్న గుమ్మం దగ్గర ఉన్నాడు. రెండు గల్లీల అవతలే ఉంటాడు, వదిన పోయినప్పటినుంచి ఆదివారం భోజనం మా ఇంట్లోనే. నేను తాళం తీసి, లోపలికి పోతూ పోతూ, ఎప్పుడూ అనేదే అన్నాను.

"చేతులు కడుక్కో, అన్నం పెడ్త."

నా చెవులకు నేనే వినపడ్డాను. గరిటె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ముప్పై ఏడేళ్ళలో అడగనిది అడిగాను.

"అన్నా, నువ్వు మళ్లొచ్చిన దినం నేనేమన్న?"

ఎవరైనా ఎప్పుడో అడుగుతారని ఎదురుచూసినవాడిలా అన్న నా వెనక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏమన్నవ్? గిదే అన్నవ్," అన్నాడు. "నల్లా కాడ గిన్నెలు తోముతున్నవ్. నేనొచ్చింది తెల్సు నీకు, ఎన్కకు తిరుగలే. చేతులు కడుక్కో, అన్నం పెడ్త అన్నవ్. గప్పటిదాంక నేను చెప్పులు ఇడ్వలేదు. ఎవ్వరు జర మాటన్నా మళ్ల బస్సెక్కుదామనే నిలవడ్డ."

పుస్తకంలో అన్న తిరిగొచ్చాడని నమ్మాను గనక ఆ రోజు ఆ మాట అనగలిగానా? లేక ఆ రోజు నేనే అన్న మాటను తీసుకుపోయి, లేని పేజీల్లో పెట్టుకున్నానా? ఎంత ఆలోచించినా ముందు ఏదో వెనక ఏదో తెలియలేదు. ఈ జతకు తీర్పు చెప్పడం నా వల్ల కాదు.

"తిరిగి సూడకపోతివని గప్పుడు జర బాధైంది," అన్నాడు అన్న నవ్వుతూ, చేతులు కడుక్కోవడానికి లేచి.

నేను గరిటె పక్కన పెట్టాను. వెనక్కి తిరిగి, అన్న చేతులు కడుక్కోవడం అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను.