ఆమె వినకుండా పోయిన న్యూమరికల్ పాఠాలు

వనపర్తిలో ఎమ్మెస్సీ లెక్కలు చదివే రోజుల్లో మాకు న్యూమరికల్ అనాలిసిస్ అనే పేపరు ఉండేది. సూత్రంతో నేరుగా తేలని లెక్కకు, ముందు ఒక అంచనా వేసుకుని, దాన్ని సవరించుకుంటూ అసలు జవాబుకు దగ్గరగా పోవడం అందులో నేర్పేవాళ్లు. మధ్యాహ్నం పూట కంప్యూటర్ ల్యాబు. పనిచేసే కంప్యూటర్లు తక్కువ కాబట్టి ఇద్దరికొకటి. బిజినేపల్లి నుంచి బస్సులో వచ్చే నాకు, గద్వాల అవతలి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి జోడీ అయింది. నేను టైపు చేస్తుంటే ఆమె తెర మీద వేలు పెట్టి తప్పులు చూపించేది. ఆమె మాటల్లో అక్కడక్కడ కన్నడం దొర్లేది. ఎందుకు నవ్వుతున్నావంటే "సుమ్నె" అనేది, ఊరికే అని. ఆమె అమ్మానాన్నలు బొంబాయిలో బిల్డింగుల పనికి పోయి వానాకాలానికి ఊరికి వచ్చేవాళ్లు.

ఒకరోజు మేం ల్యాబులో కూర్చున్నామో లేదో కరెంటు పోయింది. మా సార్ నాగర్‌కర్నూల్ నుంచి బండి మీద వచ్చి పాఠం చెప్పిపోయే పార్ట్‌టైం లెక్చరర్. ఆయన మమ్మల్ని ఇంటికి పంపలేదు.

"ఇయ్యాల మీరే కంప్యూటర్లు. పదికి వర్గమూలం కట్టుండ్రి" అన్నాడు.

ముందు బల్ల వాళ్లు ఒక అంచనా వేసి చీటీ మీద రాశారు. పదిని ఆ అంచనాతో భాగించి, వచ్చినదానికీ అంచనాకూ సగటు కట్టి, కొత్త సంఖ్యను వెనక బల్లకు అందించాలి. చీటీ మా బల్ల దాటి వెనక్కి పోగానే గొడవ మొదలైంది. మూడు పాయింట్ చిల్లర రావలసిన చోట నా జోడీ నాలుగు పాయింట్ చిల్లర రాసింది.

"మొత్తం పాడు చేసినవ్ గద!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆమె ముఖం చిన్నబోయింది. చీటీ కోసం చెయ్యి చాపింది.

"వాపస్ తీసుకోకమ్మా. అట్లనే పోనియ్యిండ్రి ఎనకకు" అన్నాడు సార్.

చీటీ వెనక్కి పోయేకొద్దీ సంఖ్య మూడు పాయింట్ చిల్లరకు దిగుతూ వచ్చింది. చివరి బల్ల వాళ్లు చదివితే జవాబు సరిగ్గానే ఉంది. తరగతంతా చప్పట్లు కొట్టింది.

"నా తప్పు యాడికి పోయింది సార్?" అని ఆమె నిలబడి అడిగింది.

"తర్వాతోళ్లు లెక్క సరిగ్గ చేసిండ్రు, గందుకే సదురుకున్నది. గీ పద్ధతిల గదే గొప్ప. అన్ని పద్ధతులు గిట్ల ఉండవు, జర యాది పెట్టుకో."

ఆ సెమిస్టరులో ప్రాజెక్టు కోసం ఆమెను మా ఊరికి తీసుకుపోయాను. వాగు ఒడ్డున మా నాన్న కౌలుకు చేసే చేనుకు ఒక అంచు వంకర. దాని వైశాల్యం కట్టాలనుకున్నాం. నాన్న పల్లి చేను తొక్కకుండా గట్టు వెంట నడుస్తూ తాడు పట్టాడు. మేం సమాన దూరాల్లో పుల్లలు పాతాం. అంతా అయ్యాక చూస్తే భాగాలు బేసి సంఖ్యలో వచ్చాయి. మేం వాడే సూత్రానికి అవి సరి సంఖ్యలో ఉండాలి. పుల్లలన్నీ పీకి మళ్లీ పాతాం. ఎండకు ఇద్దరం వాడిపోయాం.

"వంకర గట్టుకు గూడ లెక్క ఉంటదా బిడ్డా?" అని నాన్న ఆమెను అడిగాడు.

"ఉంటది నాయినా. చిన్నచిన్న ముక్కలు చేసుకుంటే వంకర మనకు లొంగుతది" అంది. మాట వరసకు కాదు, నిజంగానే నాయినా అంది. ఆ సాయంత్రం అమ్మ కాల్చే జొన్నరొట్టెలు పల్లి తొక్కుతో తింటూ, "మా ఇంటికాడ కొలిచేటంత జాగ లేదు" అని నవ్వింది.

దసరా సెలవులు అయ్యాక ఆమె రాలేదు. బొంబాయిలో వాళ్లమ్మ బిల్డింగుకు కట్టిన సారువ కర్రల మీది నుంచి పడి నడుం విరిగిందని ఫోన్లో చెప్పింది. దవాఖానలో తోడుంటోంది.

"పరీక్షలకు వస్త. నా కుర్చీల ఎవ్వర్ని కూసోనియ్యకు" అంది.

నేను ఎవర్నీ కూర్చోనివ్వలేదు. పరీక్ష రోజు గేటు మూసేదాకా బయటే నిలబడి రోడ్డు వైపు చూశాను. తర్వాత ఆమె నంబరు పలకలేదు. ఒకసారి ఆమె ఊరికి పోయాను. తలుపుకు తాళం. "ఇగ వాళ్లు ఆడనే ఉంటున్రు" అంది పక్కింటామె.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఒక కాలేజీలో నేను అదే పేపరు చెబుతున్నాను. మా ల్యాబులో పిల్లలకు తలా ఒక కంప్యూటర్ ఉంది. ఎవరి తెర వాళ్లు చూసుకుంటారు. నేను పాఠం చెప్పేటప్పుడు కొన్నిసార్లు అర్థమయ్యే మాట కోసం ఆగుతాను. ఆమె అయితే ఇక్కడ ఏమడిగేదా అని ఆలోచిస్తాను.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు వినగానే ఆమేనని గుర్తుపట్టాను. బొంబాయిలోనే ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే పని చేస్తోందట. అమ్మ కర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తోందట. ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత ఆమె అడిగింది: "నేను పోయినంక సార్ ఏం చెప్పిండే?"

చెప్పడం మొదలుపెట్టాను. ఆమె నడుమ నడుమ ఆపి, "ఆగు, గది మళ్ల చెప్పు" అంటుంది. ప్రతి ఆదివారం కొంచెం కొంచెంగా, ఆమె వినని పాఠాల్లో సగం దాటాం.

"వచ్చి పరీక్ష రాయవే, యూనివర్సిటీల నేను అడుగుత" అన్నాను ఒకసారి.

"అమ్మను ఇడిసి యాడ వస్త? పరీక్ష ముచ్చట ఇడ్సు. దాని తర్వాత పాఠం ఏంది?"

నేనింక అడగలేదు. అడగాలని మాత్రం ప్రతివారం నాలుక చివరిదాకా వస్తుంది. పాఠం మధ్యలో వాళ్లమ్మ పిలుస్తుంది. ఆమె ఫోన్ పక్కన పెట్టి పోతుంది. నేను అటు ఇంట్లోని చప్పుళ్లు వింటూ కూర్చుంటాను. కుక్కరు కూత, హిందీలో ఎవరిదో కేక, గిన్నె పెట్టిన శబ్దం. నేనెప్పుడూ చూడని ఆ గదిలో ఆమె ఎక్కడ కూర్చుని వింటుందో ఊహించుకుంటాను. తర్వాత అడుగుల చప్పుడు దగ్గరవుతుంది.

"ఉన్నవా?" అంటుంది.

"ఉన్న."

"చెప్పు మరి."