మా పెన్న నీళ్ల వెంట ఇసకపల్లి ఒడ్డుదాకా

నాది సంగం. ఇన్నేళ్లుగా బ్యారేజీ కింద వరి పండిస్తున్నా, మా పొలం తాగగా మిగిలిన పెన్న నీళ్లు సముద్రంలో కలిశాక ఎటు పోతాయో నాకు తెలియదు. మా అమ్మాయి సుజాత కాలేజీలో సముద్రం చదువు చదువుతోంది. ఈ ఏడాది తను తేల్చాల్సింది అదే. పీచు తీయని టెంకాయల మీద నీలం రంగుతో అంకెలు వేసి, పెన్న సముద్రంలో కలిసే చోట పడవ మీద నుంచి వదిలింది. ఒక్క కాయన్నా ఒడ్డున దొరక్కపోతే మళ్లీ వచ్చే ఏడాది దాకా ఆగాలంట. అందుకే వెతకడానికి నేనూ బయల్దేరా.

పొద్దున ఆరు గంటల బస్సుకు నెల్లూరు చేరి, ఇడ్లీ తిని, అల్లూరు బస్సెక్కాం. అక్కడి నుంచి ఇసకపల్లికి ఆటో. రానూ పోనూ మూడొందల యాభైకి ఆటో తోలే మస్తానయ్య ఒప్పుకున్నాడు. కోతలైన మళ్లు దాటితే అన్నీ రొయ్యల గుంటలే. టెంకాయల కోసం పోతున్నామంటే వెనక్కి తిరిగి, "అంగట్లో దొరకవా పెద్దాయనా?" అన్నాడు. సుజాత పడీపడీ నవ్వింది.

నాకో అనుమానం. పెన్న తూర్పుకు పారుతుంది, ఇసకపల్లేమో ఉత్తరాన ఉంది. "సముద్రంలో పల్లం ఎటు తల్లీ?" అని అడిగా. పల్లం లెక్క కాదంట. ఇట్లా ఎండలు ముదిరే ముందు నీళ్లు ఒడ్డు పట్టుకుని ఉత్తరానికి పోతాయంట, చలికాలం వచ్చేసరికి మద్రాసు వైపు తిరుగుతాయంట. అప్పుడు గంగ నీళ్లూ గోదారి నీళ్లూ మన పక్కగానే దిగుతాయంట. పుష్కరాలకని అంత దూరం పోయి మునిగొచ్చామే, ఆ గోదారమ్మ ఏటా మా జిల్లా పక్కనే పోతోందని విని నా ఒళ్లు పులకరించింది.

ఒడ్డున గంటసేపు నడిచినా ఒక్క కాయ కనపడలేదు. చేపలు ఎండబెడుతున్న పోలమ్మ అనే పెద్దామెను అడిగా.

"వచ్చినాయన్నా. పసుపూ కుంకుమా ఉంటే ఎవురి మొక్కుబడో అనుకోని, దండం పెట్టి మళ్లీ నీళ్లలోనే ఇడిచినాం."

ఆ పసుపు పెట్టింది నేనే. కాలవకు నీళ్లొదిలే రోజు మేం టెంకాయకు బొట్టు పెట్టి నీళ్లలో వేస్తాం. అలవాటు కొద్దీ, పడవెక్కే ముందు అమ్మాయి చూడకుండా అన్నిటికీ అంకె లేని వైపు పెట్టేశా. సుజాత నా వైపు చూసి, "నాయనా" అని మాత్రం అంది.

పోలమ్మ చేతులు దులుపుకుని లేచింది. "ఒకటి మాత్రం ఎన్నిసార్లు ఇడిచినా తిరిగొచ్చింది. గంగమ్మే ఇచ్చిందనుకోని ఆమె ముందర పెట్టినాం, రాండి."

తాటాకు పందిరి కింద, గంగమ్మ ముందర ఉంది మా కాయ. వాళ్లు పెట్టిన కుంకుమ తుడిస్తే నీలం రంగు ఏడు అంకె కనపడింది. సుజాత కళ్లలో నీళ్లు తిరిగాయి. అయితే అమ్మవారి ముందర నుంచి కాయను ఊరికే తీసుకుపోకూడదు కదా, నేను బిత్తరపోయి నిలబడ్డా. ఇంతలో మస్తానయ్య ఊళ్లోకి పోయి వచ్చాడు. "ఇది అంగట్లో దొరికింది పెద్దాయనా" అంటూ ఒక టెంకాయ నా చేతిలో పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. దాన్ని అమ్మ ముందర పెట్టి, కర్పూరం వెలిగించి, మా కాయను పోలమ్మే సుజాత ఒళ్లో వేసింది.

తిరుగు బస్సులో బిడ్డ ఆ కాయను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని నిద్రపోయింది. కాయను ఎన్నిసార్లో వెనక్కి తెచ్చి, నా తెలివితక్కువతనాన్ని సముద్రమే దిద్దింది. పోలమ్మకూ, మస్తానయ్యకూ, మా పెన్నమ్మకూ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మీరూ ఆ ఒడ్డుకు పోతే ఎండ ఎక్కకముందే పోండి, సంచిలో ఒక టెంకాయ వేసుకోండి. సముద్రం మీకేదైనా ఇస్తే, బదులు పెట్టడానికి ఉంటుంది.