చెల్లెలి పాటలో నా చరణం

మా చెల్లెలు పాటలు తనే రాసుకుని, తనే పాడి, తన ఛానల్‌లో పెడుతుంది. మొన్న మంగళవారం మధ్యాహ్నం మడికొండలోని మా ఇంటికి వచ్చింది. కొత్త పాట శుక్రవారం విడుదలవుతోందని, అందరికన్నా ముందు నేనే వినాలని ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టి, రెండోది తన చెవిలో పెట్టుకుంది. పాప నా ఒళ్లో పాలు తాగుతోంది.

పట్టు వదలకపోవడం గురించిన పాట. రెండో చరణానికి వచ్చేసరికి అది నా గురించేనని అర్థమైంది. పాప నెలలు నిండకముందే పుట్టి, ముప్పై నాలుగు రోజులు దవాఖానలో అద్దాల పెట్టెలో ఉంది. నేను పాలు పిండి, సీసాలో పోసుకుని ఆటోలో వెళ్లేదాన్ని. చెల్లెలు అదే రాసింది. "ఒక్క దినం తప్పలేదు, ఒక్క అడుగు ఆగలేదు" అని పాడింది.

"ఎట్లుందక్కా? నేనైతే రాసుకుంట ఏడ్చిన."

"బాగుంది."

"గంతేనా? కరెంటోళ్లు వచ్చిన్రు అన్నట్టు చెప్తున్నవేంది!"

నాకు ఏడుపు రాలేదు. ఈ మధ్య ఏదీ రావడం లేదు. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఊపిరి తగులుతుంది. ఏమీ అనిపించదు. మళ్లీ చూస్తాను.

"ఒకరోజు పోలేదు," అన్నాను.

"ఏ రోజు?"

"ఇరవై ఒకటో రోజు."

అప్పుడు తను హైదరాబాదులో ఉంది. మా వైపు బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజు తొట్టెల వేస్తారు, ఉయ్యాల వేడుక. ముందు రోట్లో నూరే రాతి పొత్రాన్ని అందులో పడుకోబెట్టి ఊపి, తరువాత పిల్లను వేస్తారు. పిల్ల దవాఖానలో ఉన్నా రోజు దాటిపోకూడదని అమ్మ తొట్టెల కట్టించింది. పొత్రానికి పసుపు రాసి, కొత్త గుడ్డ చుట్టి వేసింది. ఇరుగుపొరుగువాళ్లు ఉడికించిన శనగ గుడాలు తీసుకుని పదకొండుకల్లా వెళ్లిపోయారు. దవాఖానలో లోపలికి పంపేది నాలుగింటికి. వెళ్లవచ్చు. నేను తొట్టెల దగ్గరే కూర్చుని పొత్రాన్ని ఊపాను. చీకటి పడేదాకా ఊపాను. పాల సీసా ఇంకా అందలేదని నర్సు ఫోన్ చేస్తే, డబ్బా పాలు పట్టమన్నాను.

చెల్లెలు ఇయర్‌ఫోన్ తీసేసింది.

"ఎందుకు పోలేదక్కా?"

"తెల్వది. పిల్ల ఈడనే ఉన్నట్టు అనిపించింది. లేకుంటే ఎక్కడా లేనట్టు."

"అంటే నేను అబద్ధం పాడిననా?"

"నీకు తెల్వదు గదా."

"మరి ఒక్క దినం తప్పిందని రాయమంటవా?"

"వద్దు." నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. పాప ఉలిక్కిపడి రొమ్ము వదిలేసింది. "రేపు పెద్దగైనంక ఇది వింటది."

"సరే, తప్పలేదనే ఉంచుత."

నేను పాపను మళ్లీ రొమ్ముకు అందించాను. తను కాసేపు నా ముఖం చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం అమ్మ, చెల్లెలు ఇద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. టీవీలో పెట్టుకుని విన్నాం. రెండో చరణంలో "ఒక్క దినం తప్పలేదు" అని రావలసిన చోట చెల్లెలి గొంతు రాగం మాత్రమే తీసింది.

"ఈడ మాటలు మర్చిపోయినవా ఏందే?" అంది అమ్మ. "స్టూడియోల అడిగేటోళ్లు లేరా?"

"అవునే అమ్మా, మర్చిపోయిన," అంది చెల్లెలు, నా వైపు చూడకుండా.

మూడో చరణం మొదలైంది. పాప టీవీ వైపు తల తిప్పి వింటోంది.