పావు చుట్టు తిప్పిన స్క్రూ

ఉద్యోగం నుంచి దిగిపోయాక అందరూ విశ్రాంతి తీసుకుంటారు. బస్సు కండక్టరుగా దిగిపోయిన మా తాతయ్య మాత్రం పాత కంప్యూటర్లు తీసుకోవడం మొదలుపెట్టాడు. కుర్రతనంలో షాపు అద్దంలోంచి నోరెళ్లబెట్టి చూసిన తొలికాలపువి. చూడ్డానికి లావుపాటి కీబోర్డు, అంతే. టీవీకి తగిలించాలి. స్విచ్చి తీస్తే సమస్తం మర్చిపోతాయి కాబట్టి ప్రతిసారీ ప్రోగ్రాము ఎక్కించిన టేపు క్యాసెట్ వినిపించి పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పాలి.

"మీకు తగ్గ జోడీలే" అనేది అమ్మమ్మ. మంచం కింద, బీరువా మీద, కుట్టుమిషను వెనక, ఎక్కడ చూసినా అవే. ఆవిడ వాటికి పెట్టిన పేరు సవతులు.

ఈమధ్య పాత సామాన్ల కొట్లో కొన్న కంప్యూటరుతో పాటు పేరు రాయని క్యాసెట్ ఒకటి వచ్చింది. అందులో ఏముందోనని తాతయ్య ప్రాణం కొట్టుకుపోయింది. ఇంట్లో పనిచేసే టేప్‌రికార్డరు అమ్మమ్మదొక్కటే. వాళ్లమ్మ పాడిన పాటల క్యాసెట్ అందులో వింటూ గానీ ఆవిడ కూర తరగదు. తాతయ్య దాన్ని కంప్యూటరుకి తగిలించి, ఆ పేరులేని క్యాసెట్ పెట్టి చూశాడు. కీచుమని అరిచింది గానీ టీవీలో అక్షరం ముక్క లేదు.

"వేరే టేప్‌రికార్డరులో ఎక్కించారే దీన్ని. మనదాంట్లో టేపుని చదివే హెడ్డు కాస్త వాల్చాలి. చిన్న స్క్రూ, పావు చుట్టు."

"వాలిస్తే మా అమ్మ పాట?"

"కొంచెం... జలుబు చేసినట్టుంటుంది."

"దానిమీద చెయ్యి పడిందో, మీకు చేయిస్తా జలుబు!"

తాతయ్య పాలగిన్నె చుట్టూ పిల్లిలా తిరిగాడు. కూర తరిగాడు. బట్టలు మడతపెట్టాడు. "కొత్త చీరా? బాగుందే" అన్నాడు.

"పదేళ్లనుంచీ కడుతున్నా." అమ్మమ్మకి విసుగొచ్చింది. "తిప్పి చావండి. పాట మళ్లీ మునుపటిలా రాకపోతే మాత్రం సవతులంతా వీధిలో ఉంటారు."

స్క్రూ పక్కన గుర్తుకి పెన్నుతో చుక్క పెట్టుకుని, పావు చుట్టు తిప్పి క్యాసెట్ మళ్లీ పెట్టాడు తాతయ్య. తెరమీద గీతలు పరిగెత్తాయి. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ముక్క: "నీ పేరేమిటి?"

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. అంతే, తెర పైనుంచి కిందికి ఆగకుండా ఆయన పేరు, దాని పక్కనే "గాడిద". ఏనాటి పిల్లవెధవ రాసిన ప్రోగ్రామో!

అమ్మమ్మ గరిటెతో సహా వచ్చి చూసింది. "మీ సంగతి దానికెవరు చెప్పారండీ?"

"ఎవరి పేరు కొట్టినా అంతేనే. నీది కొట్టనా?"

"కొట్టి చూడండి!" అంటూనే నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది.

తాతయ్య బుద్ధిగా స్క్రూడ్రైవరు అందుకున్నాడు, అత్తగారి గొంతు సరిచెయ్యడానికి. అమ్మమ్మ గరిటె అడ్డం పెట్టింది.

"ఉండండి. సాయంత్రం మా చెల్లి వస్తోంది. దానికి చూపించాక తిప్పుదురు గాని. ముందు మీ పేరెలా కొట్టాలో నాకు నేర్పండి."